సున్నం

నా పేరు చెంగల్రాయులు. తిరపతిలో
ఇరవై ఆరేండ్లుగా లాడ్జీల పైపులోణ్ణి.
రైల్వే స్టేషన్ ఎనక సందుల్లో
ఏ మేడ మింద ఏ గీజరు దగ్గుతుందో
గోడకు చెవి ఆనించకుండానే చెప్తా.

మా బోరునీళ్లు గట్టివి, ఉప్పనివి.
బకెట్టు అంచున తెల్లటి చార,
ఎంత రుద్దినా సబ్బుకు నురగ రాదు.
అంగుళం పైపును పదేండ్లకు కోసి చూస్తే
లోపల చిటికెనవేలు పట్టదు.
రూమ్ బాయ్ ఎప్పుడూ ఒకటే మాట,
“నిన్నటిదాకా బాగానే వచ్చిందన్నా.”
నిన్నటిదాకా అందరికీ బాగానే వస్తుంది.

పోయినేడు ఎండాకాలం, మూడో అంతస్తు,
రెంచి బిగిస్తా ఉండగా
రొమ్ము మింద ఎవరో సిమెంటు మూట దించినారు.
ఎడమ దవడ లాగింది. చెమట
షవరు కింద నిలబడినట్టు.
గ్యాస్ అనుకుంటి.
మా నాయనా అదే అనుకున్యాడు, యాభై రెండేండ్లకి.
పీలేరు సంతలో గోలీసోడా తాగి
సీసా కింద పెట్టకముందే పాయె.
మా వంశంలో గుండెజబ్బు ఎవరికీ లేదు.
అందరూ గ్యాస్‌తోనే పోయినారు.

సోడాకు పోయుంటే నేనూ ఆ లెక్కలోనే.
కౌంటర్లో కూర్చునే వసుంధరమ్మ
నా మొహం చూసి, తాళాలగుత్తి అట్లే పడేసి
ఆటోలో ఎక్కించింది.
ఆయమ్మ మొగుణ్ణి ఎక్కించేదానికి
మూడేండ్ల కిందట, ఆ పొద్దు, ఎవరూ లేకపాయె.

ఆస్పత్రిలో తెర మింద నా గుండె.
నల్లటి ఏర్లు. ఒకచోట ఏరు
దారప్పోగంత.
“ఈ పని నాకు తెలుసు మేడం,” అంటి,
“యాసిడ్ పోసి కడగరాదా?”
డాక్టరమ్మ నవ్వలేదు.
“నీ పైపుకు ప్రాణం లేదు. ఇది బతికుండే గొట్టం.
లోపల ఉండేది సున్నం కాదు,
కొవ్వు, పుండు, పుండు మింద మచ్చ.
పూర్తిగా నిండేదాకా కాచుకోదు.
సగం పూడినచోటే ఒక పొక్కు చిట్లుతుంది,
నెత్తురు గడ్డకట్టి గడియలో దారి మూస్తుంది.
బీడీలు ఎన్ని?”
“కట్ట.”
“బీపీ?”
“ఎప్పుడూ చూపీలే.”
“షుగరు?”
నేను గోడ తట్టు చూస్తి.

మణికట్టులో నుంచి తీగె పంపి
వల మాదిరి గొట్టం ఒకటి లోపల పెట్టిరి.
ఒక్క గోడ పగలగొట్టలేదు.
ఆ పనితనానికి, పనోడిగా, చెయ్యెత్తి మొక్కితి.
ఇంటికి పంపిస్తా ఆయమ్మ అనింది,
“పైపు మేం బాగుచేసినాం.
నీళ్లు నీ చేతిలో ఉండాయి.”

ఇప్పుడు మా వంటింట్లో, ఉప్పుడబ్బా పక్కన
దొరసానమ్మ ఒక పైపు ముక్క పెట్టింది,
నేను కోసుకొచ్చిందే.
లోపలంతా తెల్లగా, నడుమ చీమ దూరే సందు.
ఊరగాయ జాడీకి చెయ్యి పోయినప్పుడల్లా
అది నన్ను చూస్తుంది. ఒక్క బద్ద తీసుకుంటా.
ఒక్కోరోజు రెండు, అబద్ధం ఎందుకు.
సంగటి అదే, పక్కన ఆకుకూర పెద్ద గరిటెడు.
పొద్దున్నే మాత్రలు, కాఫీ కంటే ముందు.
రాత్రి రెండింటికి లాడ్జీ ఫోనొస్తే
ఇంకొకణ్ణి పిలుచుకోమంటా.
నిన్నటి నూనే మళ్లీ కాగే బజ్జీబండి దాటి
తెల్లారకముందే అలిపిరి దాకా నడుస్తా.
మెట్లెక్కను.
ఎక్కేవాళ్ల ఊపిరి కాసేపు విని ఎనక్కొస్తా.
బీడీ మానేసి పదకొండు నెలలు.
వేళ్లకు ఇంకా గుర్తుండాది.

నిన్న మా అసిస్టెంటు పిల్లోడు దేవేంద్ర,
ముప్పై కూడా లేవు, బుగ్గలో గుట్కా,
నిచ్చెన మింద నుంచి దిగి
రొమ్ము రుద్దుకుంటా కూలబడె.
“ఏం లేదన్నా. గ్యాస్.”

రెంచి కింద పెట్టేస్తి.
విప్పిన కాడ నీళ్లు కారతా ఉండాయి,
వరండా తడిసి మెట్ల మింద దిగతా ఉండాయి.
కారనీ.
“లేచి చెప్పులేసుకో,” అంటి.
కింద వసుంధరమ్మ అప్పటికే
ఆటోవాణ్ణి కేకేస్తా ఉంది.