గెడ్డ దాటాక

నైట్ డ్యూటీ దిగాక
బూట్లు మార్చుకునే చోటొకటుంది నాకు,
కంబాలకొండ గేటు పక్కన, సిమెంటు దిమ్మ మీద.
తెల్లబూట్లు సంచిలోకి,
ఎర్రమట్టి పట్టినవి కాళ్లకి.
ఒంటికింకా స్పిరిట్ వాసన.
హైవే మీద లారీలు మధురవాడ వైపు
పళ్లు నూరుకుంటూ పోతుంటాయి.
పది అంగలు లోపలికి వేస్తే
ఆ చప్పుడు తలుపేసినట్టు ఆగదు,
పలచబడుతుంది,
పాలల్లో నీళ్లు పోసినట్టు.

మొదటి కిలోమీటరు నాది కాదు.
అది కేజీహెచ్‌ది.
ఆరో నంబరు బెడ్డు దగ్గు,
సెలైన్ స్టాండు చక్రం కిర్రు,
"సిస్టరమ్మా, మావోడికి తెలివొచ్చిందా" అని
పాడేరు నుంచి వచ్చినావిడ
రాత్రంతా అడిగిన ఒకే ప్రశ్న,
ఇవన్నీ నాకంటే ముందు పరిగెడతాయి.
నేను వాటి వెనక.

జీడిమామిడి తోపు దగ్గర ఊపిరి కుదురుకుంటుంది.
రెండంగలకి లోపలికి, రెండంగలకి బయటికి.
రాత్రంతా ఊళ్లోవాళ్ల నాడి లెక్కపెట్టిన వేళ్లు
ఇక్కడ ఊరికే ఊగుతుంటాయి,
బడికి సెలవిచ్చిన పిల్లల్లా.

పొదల్లో జెముడుకాకి
బావిలోంచి పిలిచినట్టు కూస్తుంది.
దారి మధ్య ముళ్లపంది ముల్లొకటి,
నలుపూ తెలుపూ.
తీసి జడలో గుచ్చుకుని,
నాలుగడుగులు పోయి,
వెనక్కొచ్చి అక్కడే పెట్టేశాను.
అడవిది అడవిలోనే ఉండాలంటాడు అప్పలసూరి.

అప్పలసూరి వాచర్.
మొదటిసారి నన్ను గెడ్డ దగ్గర చూసి
నోట్లో చుట్ట, నిప్పు లోపలికి, అలాగే ఉంచుకుని అడిగాడు:
"ఏటమ్మా, ఎవులు తరుముతున్నారు?"
అడ్డపొగ తాగితే అంగిట్లో పుండ్లు పడతాయని చెప్పాను.
మా పరిచయం అలా అయింది,
ఒకరి జబ్బు ఒకరం కనిపెట్టి.

హుద్‌హుద్ పోయిన నెలకి వచ్చానొకసారి.
అడవంతా పడుకుని ఉంది,
దువ్వెన పెట్టి దువ్వినట్టు ఒకే దిక్కుకి.
ఏ మలుపుకి ఏ చెట్టని గుర్తుపెట్టుకున్నానో
అవన్నీ వేళ్లు పైకి చూపించి ఊరుకున్నాయి.
దారేదో తెలీలేదు.
అప్పటికే అతని రెండు కళ్లలోనూ పొరలు.
చెప్పులు విడిచి చంకలో పెట్టుకున్నాడు.
పాదంతో నేలని తడిమాడు,
నిండుచూలాలి పొట్ట మీద చెయ్యేసి
బిడ్డ తల ఎటుందో నేను చూసినట్టు.
"ఇక్కడ మెత్తగున్నాది, కాదు.
ఇదిగో, గట్టిగున్నాది. ఇటే రా.
నడిసినోలందరూ ఇందల ఉన్నారు."

కట్టెలమోపుల ఆడవాళ్లు,
మేకల గిట్టలు,
తేనెకి పోయి చీకటిపడ్డవాళ్లు
అతని అరికాలికి తగులుతూనే ఉన్నారు.
నేను వెనకాల, బూట్లేసుకుని,
ఒక్కరూ తగలకుండా.

తర్వాత నేనే పట్టుబట్టి ఆపరేషన్ చేయించాను.
నల్లకళ్లద్దాలు తీసిన వారానికి
నా మీద కోపంగా ఉన్నాడు:
"కల్లొచ్చేక దారి తప్పుతున్నానమ్మా.
ఆకులన్నీ కనపడిపోతన్నాయి."

ఇప్పుడు ఆదివారాలు జనం వస్తారు,
మణికట్టుకి గడియారాలు, నీళ్లసీసాలు.
అంగలన్నీ లెక్కే.
ఎదురైతే బొటనవేలెత్తుతారు, నేనూ ఎత్తుతాను.
మిగతా రోజులు
నేనూ, దుమ్మూ, ఎక్కడో ఒక నెమలీ.

ఇవాళ గెడ్డ దాటాక
బూట్లు విప్పి మెడలో వేసుకున్నాను.
మొదట రాయి. తర్వాత ముల్లు.
తర్వాత చల్లటి, నున్నటి, గట్టినేల
అరచెయ్యంత మేర.
అడుగు తీసేసరికి పోయింది.
వెనక్కొచ్చి వెతికాను. మళ్లీ దొరకలేదు.
పరుగెత్తే దాన్ని, అక్కడక్కడే
గుడ్డికోడిలా తచ్చాడుతుంటే
పైన కోతులు చూస్తున్నాయి.

అరిలోవ ఆటోలో
పక్కనున్న ముసలామె నా కాళ్లు చూసి
"పారాణా?" అంది.
అవునన్నాను.
రాత్రి ఎనిమిదింటికి మళ్లీ వార్డు.
కడుక్కోకుండా సాక్సులేసుకుని పోతానేమో.