వెయ్యిన్నాలుగు

కాశీబుగ్గ, జీడిపప్పు సొసైటీ మేడగది.
రాత్రి రెండింటికి బ్యాకప్ లేస్తుంది.
దాని కోసమని ఒక యూజర్‌ని నేనే పుట్టించాను,
తలయారి అని పేరు పెట్టి.
లాగిన్ ఇవ్వలేదు. హోమ్ ఫోల్డరూ ఇవ్వలేదు.
అన్ని గదుల్లోకీ తొంగి చూడొచ్చు,
ఒక్క అంకె దిద్దకూడదు.

"రూట్‌కి అప్పచెప్పీరాదేటమ్మా,
ఇన్ని తాళాలేటి, ఇన్ని తంటాలేటి?"
అన్నాడు ప్రెసిడెంటు సనపల చిట్టిబాబు.
అన్ని తాళాలూ ఉన్నోడికి ఒక్క కునుకు చాలండి
గొడౌను ఖాళీ అవడానికి, అన్నాను.
నవ్వి టీ తాగాడు.

కింద షెడ్డులో దువ్వు ఎర్రమ్మ
పప్పు ముట్టుకోవచ్చు, ఒలవొచ్చు,
గుండు, బద్ద వేరు చెయ్యొచ్చు.
నోట్లో వేసుకోకూడదు.
జీడి కాలి వేలిముద్రలు చెరిగిపోయి
హాజరు మిషను ఆవిణ్ణి రోజూ కాదంటుంది.
"నానే కదేటి!" అని దానితో దెబ్బలాడుతుంది.
మెట్లమీంచి వింటుంటాను.

తుపాను రాత్రి రేకులు లేచిపోయాయి.
డిస్కు తడిసింది.
నాలుగోనాడు కరెంటొచ్చాక కాపీ అంతా దింపాను.
ఒక్క ఫైలూ పోలేదు.
కాని అన్నింటి పక్కనా ఒకటే పేరు
తలయారి, తలయారి, తలయారి
తూకాలు, కూలి, పీఎఫ్,
ప్రెసిడెంటు గారి ప్రయాణ బత్తెంతో సహా.
తల దాచుకోడానికి గూడు లేనివాడు
తెల్లారేసరికి ఆసామీ అయిపోయాడు.
పోనీ ఎవరిది వాళ్ళకి రాసిచ్చెయ్యరా అంటే
అది వాడి చేతిలో లేదు. అది రూట్ పని.

అంతా చెరిపి, రూట్‌గా కూర్చుని,
ఈసారి సొంతదారుల పేర్లతో సహా విప్పాను.
వచ్చారు ఒక్కొక్కరూ.
ఒక్క ఫోల్డరు పక్కన మాత్రం పేరు లేదు.
అంకె. 1004.

లొలుగు కూర్మారావు, తూకం గుమాస్తా.
మొన్న మాఘంలో పోయాడు.
పదకొండోనాడు ఆయన యూజర్‌ని తీసేసింది నేనే,
ఒక్క లైను, ఒక్క ఎంటరు.
పేరు పోయింది గానీ అంకె ఫైళ్ళని వదల్లేదు.
తెరిచి చూద్దును కదా,
తరుగు పేరుతో కోసిన గ్రాములన్నీ
తేదీలతో, పేరు పేరునా.
దువ్వు ఎర్రమ్మ, ముప్పయ్యొక్క కిలోలు.

సోమవారం కొత్త కుర్రాడు చేరాడు.
యూజర్ పుట్టించబోతే
ఖాళీ ఉంది కదా అని మిషను ఆ నంబరే అందించింది.
వద్దన్నాను. వెయ్యిన్నయిదు ఇచ్చాను.

ఆ రాత్రి నుంచీ తలయారి
ఆ ఒక్క ఫోల్డరూ రెండు చోట్ల దాస్తున్నాడు.
రెండోది ఈ ఊళ్ళో కాదు.