అర చుక్క

ఓదెలు. ముప్పై తొమ్మిదేళ్లు.
షార్జా, హమ్రియా, పాత బ్యాటరీల యార్డు.
లేబుల్ మీద ఇంతే.
"ఓడీలూ? ఫిలిప్పీన్స్ పేరా?" అన్నాడు మేనేజరు.
నాకు మాత్రం ఓదెల మల్లన్న పట్నాలు,
పసుపు బండారి, ఒగ్గు డోలు.
మాది సుల్తానాబాద్. చెప్పలేదు.

గొట్టం అడుగున అర చుక్క నెత్తురు.
నర్సు చీటీ: రెండు వేళ్లు గుచ్చాను, తోలు మొద్దు.
పదమూడేళ్లు సీసం పలకలు ఊడదీసిన వేళ్లు
సూదికేం లొంగుతాయి.

పెద్ద మిషన్‌కి చాలదు.
అందుకే ఈ గాజు వెంట్రుక,
ఆ కొసకొక సీసా, ఈ కొసకొక సీసా,
నడుమ ముప్పై వేల వోల్టులు.

ఆసిడ్‌తో కడిగి, మందు కలిపి, నీళ్లు పోసి పలచన చేస్తాను.
చిక్కబరచడానికి పలచన చేయడమేంటని
కొత్త పిల్ల రుఖ్సానా అడిగింది.
వెన్న తీసేటప్పుడు చల్లనీళ్లు పొయ్యరా, అన్నాను.
సరైన పోలిక కాదు. రాత్రి రెండింటికి అదే దొరికింది.

నిజానికి జరిగేది ఇది:
పలచని నీళ్లలో కరెంటు తరిమితే అయాన్లు ఉరుకుతాయి,
ఉప్పు చిక్కగా ఉన్న చోటికి రాగానే
కాళ్లు బరువెక్కి
ముందువాడి వీపుకి వెనకవాడు తగిలి
ఒక సన్నని గీత మీద ఇరుక్కుని నిలబడతాయి,
సజ్జా క్యాంపు గేటు దగ్గర
బస్సు దిగిన నీలం చొక్కాల్లాగా.
విడివిడిగా ఉన్నంతసేపు
వెలుగు వాళ్లలోంచి దూరి పోతుంది.
ఒత్తుకుని నిలబడితేనే నీడ పడుతుంది.
నా మిషన్ చదివేది ఆ నీడనే.

ఏడో నిమిషం. గీత లేచింది,
మేకు నిలబెట్టినట్టు.
అరవై రెండు.

"అర చుక్కని ఎవరు నమ్ముతారు?
శాంపుల్ చాలలేదని రాసెయ్," అని
మేనేజరు ఇంటినుంచే మెసేజ్ పెట్టాడు.

యంత్రం తాగింది అందులో వెయ్యో వంతు కూడా కాదు.
మళ్లీ నడిపాను. అరవై ఒకటి.
మళ్లీ. అరవై రెండు.
మూడుసార్లు అడిగినా మాట మార్చనివాణ్ణి
మా దిక్కు సాక్షి అంటారు.
కాగితం మీద మూడూ రాసి సంతకం పెట్టాను.
పెన్ను సరిగ్గా రాయలేదు, రెండోసారి దిద్దాను.

తెల్లారి ఫారం మీది నంబరుకి చేశాను.
వెనక ఏదో రేకు కోస్తున్న చప్పుడు.
"మల్ల గుచ్చుతరా మేడమ్?"
"వద్దన్నా. సరిపోయింది."
రంపం ఆగింది.
"గంతనే
సరిపాయెనా?"