ఇరవై సెకన్లకోసారి

బయటికి వెళ్తున్నాయండి, ఆయ్,
లోపలికే రావట్లేదు
అంది సువార్తమ్మ,
రిసీవరు కొంగుతో తుడిచి నా చేతికిస్తూ.
మొగల్తూరు దాటాక, మురుగుకాలవ గట్టు మీద
రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే ఆఫీసు.
బల్లనిండా సీసాలు, సీసాల మీద చెరువుల పేర్లు:
మెరక చెరువు, రాజుగారి పొడుగుది, ఏడుకొండలు రెండోది.

నా సెల్లు నుంచి కొట్టాను.
నా చెవిలో మోగుతోంది.
బల్ల మీద నల్లపెట్టె నోరెత్తదు.

మోత తగ్గించారేమో చూశాను, లేదు.
డిస్టర్బ్ చెయ్యొద్దనే మీట నొక్కారేమో, అదీ లేదు.
వైరు పీకి, ఊది, మళ్లీ పెట్టాను
(తెలిసినవాడూ తెలియనివాడూ చేసే మొదటి పూజ అదే).
ఆపి వెలిగించాను.
మోగింది!
తిరపతిరాజుగారు టీ చెప్పారు.
టీ వచ్చేలోపు మళ్లీ మూగబోయింది.

గుమ్మంలో రాత్రి డ్యూటీ పోశిబాబు.
మంగళవారం తెల్లారగట్ల మూడింటికి
ఏడుకొండలు ఏడుసార్లు చేశాడట,
గాలాడక రొయ్య పైకి తేలుతుంటే
ఏం చల్లాలో అడుగుదామని.
నిద్రపోయావురా అన్నారు అందరూ.
పోలేదండీ అంటాడు. మూడు రోజులుగా అదొక్కటే మాట.
ఇప్పుడు నా మొహంలోకి చూస్తున్నాడు,
మెకానిక్కుని చూసినట్టు కాదు,
సాక్షిని చూసినట్టు.

కిటికీలోంచి స్లూయిజు కనపడుతోంది.
పాటుకి మురుగునీరు తోసుకుంటూ పోతే
తలుపు దానంతటదే తెరుచుకుంటుంది.
పోటుకి ఉప్పునీరు వచ్చి ఆనుకుంటే
దానంతటదే మూసుకుంటుంది.
లస్కరు అక్కర్లేని తలుపు.

పాత రౌటరు పిడుగుకి పోయిందట. కొత్తది చూశాను.
ఇదీ అలాంటిదే.
లోపలినుంచి ఎవరైనా వెళ్తే కాసేపు తెరిచి ఉంచుతుంది,
నిమిషంపాటు ఎవరూ మసలకపోతే మూసేసి
ఈ గుమ్మం ఎవరిదో మర్చిపోతుంది.
ఫోనేమో గంటకోసారి వెళ్లి
'ఉన్నాను' అని చెప్పొస్తుంది.
మిగతా యాభై తొమ్మిది నిమిషాలూ
పిలిచేవాళ్లు అవతలి రేవులోనే.

నేను రాజుగారికి ఇది చెబుతుంటే
'అందుకేనన్నమాట' అంది సువార్తమ్మ నెమ్మదిగా.
'నేను ఎవరికైనా చేశాక కాసేపు వస్తన్నాయండి, కనిపెట్టాను.
అందుకని ఐసు ఫ్యాక్టరీకి కొడతాను, పెట్టేస్తాను.
కొడతాను, పెట్టేస్తాను.
పొద్దున్న రైతులు చేసే వేళకి నిమిషానికోసారి.
వాచ్‌మన్ తిడతాడు, తిట్టనీ.
ఎనిమిదింటికి ఇంటికి పోవాలి కదండీ నేను,
ఆ తర్వాత...'

ఆగిపోయింది.
పోశిబాబు గుమ్మంలోనే కూలబడ్డాడు.
రాజుగారు టీ గ్లాసు వంక చూస్తూ ఉండిపోయారు.

నేను పెట్టిన సెట్టింగు ఇంతే:
ఇరవై సెకన్లకోసారి, మాటా పలుకూ లేకుండా,
లోపలినుంచి బయటికి ఉత్తి ఒక తట్టు.
ఆవిడ వేలు నొప్పెట్టేలా చేసిందే
నేనొక గడిలో అంకె వేసి చేశాను.
డబ్బులు నాకిచ్చారు.

తర్వాత ఎవరం ఏదీ ముట్టుకోకుండా కూర్చున్నాం.
అయిదు నిమిషాలు. పది.
ఫ్యాను చప్పుడు, సీసాల్లో బురద దిగుతున్న నిశ్శబ్దం.
సెల్లు తీసి కొట్టాను, మోగింది.
ఇంకో పావుగంట ఆగి కొట్టాను, మోగింది.

సామాను సర్దుకుంటుంటే
ఎవరూ కొట్టకుండానే మోగింది.
సువార్తమ్మ తీసి, విని,
నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.
ఐసు ఫ్యాక్టరీ వాచ్‌మనట.
మధ్యాహ్నం నుంచీ ఒక్కసారీ కొట్టలేదేంటమ్మా,
ఒంట్లో బానే ఉందా అని.

పోశిబాబు రిజిస్టరు తెరిచి
సాయంత్రం అయిదూ పదకొండు, వచ్చిన ఫోను ఒకటి
అని రాసి, కింద సంతకం కూడా పెట్టాడు.
ఏడుకొండలుకి ఎవరు చెప్పాలో
నేను బండి తీసేసరికి ఇంకా తేలలేదు.