వయసు గళ్ళు

హెడ్డాఫీసు నుంచి కాగితమొచ్చింది,
ఐదు గళ్ళు, ఓ పెన్సిలు.
లోపలికి పోయే ఒక్కో మనిషి మొఖం చూసి
వయసు అంచనా కట్టి గీత గీయాలట.
మేనేజరు కురియన్ నవ్విండు:
"ఇరవై ఆరేండ్ల సంది టికెట్లు చింపుతున్నవ్,
నీకంటె ఎవరికెరుక?"

నిజమే గని, రువీల ఈ తలుపు కాడ
నేను మొఖాలు చూసింది తక్కువ, చేతులే ఎక్కువ.

తొలి యేండ్లల్ల శుక్రారం మ్యాట్నీకి
ఘలా క్యాంపు బస్సు ఆగితే
రెండో గడి ఒక్కటే నిండేది.
అన్నీ ఇరవై రెండేండ్ల చేతులు,
ఎంత కడిగినా గోర్లల్ల సిమెంటు,
చెమటకు నానిన టికెటు
నేను చింపకముందే చినిగేది.
హీరో దిగంగనే యాభై బైసల బిళ్ళలు విసిరి
ఇంటర్వెల్ల వంగి ఏరుకునేటోళ్ళు.

ముప్పై దాటినంక సినిమా మంచం మీదికొచ్చింది.
పై బెర్తుల లింబాద్రి, కింద వాని తమ్ముడు,
ఒక్కటే సినిమా, రెండు ఫోన్లు,
ఒకడు నవ్వినంక జరసేపటికి ఇంకొకడు.
మూడో గడి అట్లనే ఉండిపాయె
పన్నూడిన సందు లెక్క.

నలభై ఏండ్లోళ్ళు టికెటు కొంటరు, లోపలుండరు.
ఏడ్చే పాపనెత్తుకొని నా పక్కనే నిలబడి
ఈఎమ్మై తారీఖులు చూసుకుంటరు.
గీత గీయాల్నా వద్దా?
కురియన్‌ను అడిగితే భుజాలెగరేసిండు.

ఇక్కడ పుట్టిన పోరగాండ్లతోటి
ఇప్పుడు మొదటి గడి పొంగుతుంది.
తెలుగు మాట కింద ఇంగ్లీషు సదువుకుంట
జోకు పడకముందే నవ్వుతరు.
వాళ్ళమ్మ నవ్వు ఎనక నడిచొస్తది.

జూన్ల ఆఖరి గడి పెరిగింది.
హెడ్డాఫీసుకు సంబురం:
యాభై దాటినోళ్ళు తిరిగొస్తున్నరు,
పాత సినిమాలు ఏద్దామా?
నేనేం చెప్పలే.
పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా
ఎండకు పని బందు.
రోడ్డవతల కడుతున్న బిల్డింగుల నీడ లేదు.
ఇక్కడ సగం ధర, మెత్తటి కుర్చీ, చలి.
పేర్లు పడుతుండంగనే లింబాద్రి
బూట్లు విడిచి కాళ్ళు ముడుసుకుంటడు.

టికెటు కొననోళ్ళను లెక్కపెట్టొద్దన్నరు,
అందుకే నాకు గడి లేదు.

నిన్న మూడుంబావుకు లేపబోయిన.
తెర మీద ఎవరో ఎవర్నో తంతున్నరు.
వాడు నిద్రల పెదవులు సున్న చుట్టి
సన్నగ గాలి ఊదుతున్నడు,
గురకనో ఈలనో.
పెన్సిలు పట్టుకొని
రెండో గడికీ ఐదో గడికీ నడుమ కొద్దిసేపు నిలబడ్డ.

లేరా లింబాద్రీ,
ఫోర్మెను పిలుస్తున్నడు.
ఒక బూటు ముందు వరుస కిందికి పోయింది, చూస్కో.