సొన తిన్న వేళ్లు

'ఉచిత న్యాయ సహాయం' అని రాసిన బోర్డు
పలాస కోర్టులో మరుగుదొడ్ల దారిలో ఉంది.
అక్షరాలొచ్చిన వాళ్లకే కనిపించే ఉచితం.
ఢిల్లేశ్వరి మూడుసార్లు దాని ముందు నుంచే నడిచి
నాలుగోసారి టీకొట్టు కుర్రాణ్ని అడిగింది:
"పేదోల్ల ప్లీడరు ఏటేపు బాబూ?"

పేదోళ్ల ప్లీడర్ని నేనే.
కేసుకింత అని సర్కారిచ్చే డబ్బు
వచ్చే ఏడాదికి వస్తుంది, వస్తే.
నల్లకోటు మోచేతి దగ్గర పిగిలింది.
మా గుమస్తా పోలినాయుడు
నాతో మాట్లాడుతూ ఆ చిరుగునే చూస్తుంటాడు.

"కూలెంతిస్తారమ్మా?"
"ఎన్ని పిక్కలు కొడితే అంత."
"సెలవులు?"
నవ్వింది.
"సెలవంటే పని నేని రోజు కాదేటి?"

వకాలత్ మీద వేలిముద్ర అడిగాను.
సిరా అద్ది నొక్కింది.
కాగితం మీద ఓ నీలి మచ్చ.
గీత లేదు, సుడి లేదు.
"గట్టిగా నొక్కు" అన్నాడు పోలినాయుడు.
ఎడమ చెయ్యి. కుడి చెయ్యి. మళ్లీ ఎడమ.
ఉమ్మితో పలక తుడిచినట్టు మచ్చ మీద మచ్చ.
"సొన తినేసింది లెండి" అంది, తప్పు తనదైనట్టు.
"రేషను మిషనూ ఇనాగే తిడతాది నన్ను."

పంతొమ్మిదేళ్లు జీడిపిక్కలు పగలగొట్టిన వేళ్లు.
బూడిద రాసుకున్నా ఆగని సొన
తోలు కింది తోలుదాకా దిగి
పుట్టుకతో వచ్చిన సంతకాన్ని కాల్చేసింది.
ఆ వకాలత్ చింపబోయి ఆగాను.
ఎందుకో తెలీదు. అలాగే ఫైల్లో పెట్టాను.

శ్రీకాకుళం, లేబర్ ఆఫీసు, నాలుగో వాయిదా.
యజమాని తరఫు సీనియరు రిజిస్టరు తెరిచాడు.
ప్రతి నెలా పూర్తి కూలి,
ప్రతి నెలా ఢిల్లేశ్వరి,
పేరు పక్కన వేలిముద్ర.
ఎంత అందమైన ముద్రలో!
దున్నిన మడిలా గీత పక్కన గీత,
నడిమధ్యన వరద నాగావళిలో తిరిగే సుడి.

నేను వాదించలేదు.
"చెయ్యి చూపించమ్మా" అన్నాను.

ఆఫీసరు కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు.
సిరా పెట్టె తెమ్మన్నాడు.
తెల్లకాగితం మీద మళ్లీ అదే మచ్చ.
సీనియరుకి దాహమేసింది.

గెలిచామనుకోకండి.
రిజిస్టరు పరీక్షకు వెళ్లింది, ఎప్పుడొస్తుందో తెలీదు.
ఆ మర్నాటి నుంచి బట్టీకి రావొద్దని
ఆమెకు అప్పటికే కబురొచ్చింది.
సాయంత్రం కాంప్లెక్సులో పలాస బస్సు కోసం నిలబడి
రేపట్నుంచి ఏం తింటావని అడగలేక
"ఛార్జీలున్నాయా?" అన్నాను.
కొంగు ముడి విప్పి చూపించింది.

మొన్న సోమవారం మళ్లీ వచ్చింది.
వెనక ఇంకో పదకొండు మంది ఆడవాళ్లు,
కొంగుల్లో చేతులు దాచుకుని.
పోలినాయుడు ఈసారి ఏమీ అనలేదు.
సిరా పెట్టె మూత తీసి
బల్ల అంచుకి జరిపాడు,
అందరికీ అందేలా.