తిరగేసిన సంచి

టీవీల ఆ దేశపు పెద్దమనిషి
హెలికాప్టర్ ఎక్కుతున్నడు, ఒక కాలి చెప్పు జారిపోయింది.
మిర్యాలగూడ బైపాస్ మీద, మా మిల్లుల
ఆయన నవ్వుతనే ఉన్నడు
పదకొండువేల సంచుల మీద.

వాళ్ళ పేదలకు పంచే బియ్యం.
బొమ్మ వాళ్ళే పంపిన్రు.
నవ్వు ఇంకొంచెం పెద్దగ రావాలని
రెండుసార్లు మెయిలు పెట్టినాయన
ఇప్పుడు ఫోను ఎత్తుతలేడు.

రేపాల సేటు ఖాతా బుక్కు మూసి, తెరిచి, మూసిండు.
పంపితే పడిపోయినోని మనుషులంటరు.
ఆపితే ఆకలప్పుడు మొకం చాటేసిన్రంటరు.
ఢిల్లీకి చేస్తే అక్కడి గొంతు
"పరిణామాలను నిశితంగా గమనిస్తున్నాం" అన్నది.
మేమూ గమనిస్తనే ఉన్నం.
లారీల నీడకు డ్రైవర్లు పేకాడుతున్నరు,
వెయిటింగు గంటకింత.

రాత్రికి ఆయన మన దేశంలనే దిగిండట.
ఏ ఊర్లనో చెప్పరు.
అతిథి అన్నరు, శరణార్థి అనలే.
కొంతకాలం అన్నరు, ఎంతో అనలే.
అవతల జనం మన ఆఫీసు గేటు కాడ నిలబడి
మా మనిషిని మాకియ్యున్రి అంటున్నరు.
అందుల ఒక పిలగాని తలకు కట్టు,
కట్టు మీద ఇంకా ఆరని ఎరుపు.

నాకు ఎటు మాట్లాడాల్నో తెలువలే.
అవిశ్వాసంల ఓడిన పక్కూరి సర్పంచిని
ఒక్క రాత్రి మా వడ్ల గుమ్మి ఎనక దాచిండు నాయిన.
తెల్లారి ఆ ఊరోళ్ళు
సాగర్ కాల్వ తూము షట్టర్ దించిన్రు.
పదహారు రోజులు. నాట్లు ఎర్రబడ్డయి.
తప్పు చేసినవా నాయినా అంటే
"అన్నం పెట్టిన, ఓటెయ్యలే" అన్నడు.
అమ్మ మాత్రం
ఆ యేడంత ఆయనతోని సరిగ మాట్లాడలే.

పొద్దున సైదమ్మ, కుట్టుమిషను మీది మనిషి,
ఒక సంచి అందుకొని లోపలిది బయటికి తిప్పింది.
"గిట్ల కుడితె?"
ఎండకెత్తి చూస్తే మీసం నీడ కనపడుతదని నేనన్న.
"ఎవడెత్తి చూస్తడు సారూ, ఆకలితోని ఉన్నోడు?"

మాపటికి పదకొండువేల మొకాలు లోపలికి మళ్ళినయి.
రామాశీష్ ముఠా చివరి లారీ నింపింది.
బిల్లు మీద "చేరవలసినవారు" అన్న గడిల
దేశం పేరు రాసి, కింద గీత ఖాళీగ ఇడిసిన.
సేటు చూసిండు, ఏమనలే.

అక్కడ ఎవరో ఒకామె బియ్యం ఒంపుకొని
సంచి దులుపుతుంటే
ఆయన మళ్ళ నవ్వుతడు.
చింపుతదో,
మడిచి చూరుల చెక్కుతదో,
సైదమ్మ కూడ చెప్పలేకపోయింది.